లాభం, రెండు, మూడు: మన ఇంటి లెక్కల చరిత్ర

పాలకుర్తి అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది సోమన. పక్కనే బమ్మెర, పోతన ఊరు. ఇంత పద్యం పుట్టిన చోట ఉంటున్నాం కాబట్టి మా పిల్లలకు పద్యం అంటే బెరుకు లేదు, గడగడా అప్పజెప్తారు. అదే లెక్కల పుస్తకం ముందు పెడితే మాత్రం ముఖాలు వాడిపోతాయి.

నాలుగో తరగతి చదివే మా అమ్మాయి ఓసారి "లెక్కలు అన్నకే వస్తయమ్మా, నాకు రావు" అన్నది. రావు అన్నందుకు నాకు బాధ లేదు. నేర్చుకుంటే అవే వస్తాయి. ఆ 'అన్నకే' అన్న మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంది. లెక్కలు మగపిల్లల సొత్తు అని తొమ్మిదేళ్ల పిల్లకు ఎవరు చెప్పారు? మన తెలుగు ఇళ్లలో లెక్క ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి చేతుల్లో పెరిగింది? దీని గురించి చదవడం, మా అత్తమ్మను అడగడం మొదలుపెట్టాను. తెలిసినవన్నీ వంటింట్లోనూ వాకిట్లోనూ పనికొచ్చేవే. అందుకే మీతో పంచుకుంటున్నాను.

పద్యంలో పుట్టిన లెక్క

తెలుగులో మొట్టమొదటి లెక్కల పుస్తకం కూడా పద్యాల పుస్తకమే. పేరు 'సారసంగ్రహ గణితం', రాసింది పావులూరి మల్లన. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడి కాలంవాడని, అంటే నన్నయ భారతం తెలుగు చేసిన 11వ శతాబ్దంవాడని ఎక్కువమంది పండితులు చెప్తారు. ఆయనకు మూలం మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన 'గణితసారసంగ్రహం'. మహావీరుడు రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, సుమారు 850లో ఉన్నవాడు.

మహావీరుడు జైనుడు, మల్లన శైవుడు. అందుకని మల్లన తెలుగు చేసేటప్పుడు జైనుల పూజలున్న లెక్కల్లో శివపూజ పెట్టుకున్నాడు. ఇది మనకు కొత్త కాదు. పాఠ్యపుస్తకంలో ఆపిల్ పండ్ల లెక్క పిల్లకు ఎక్కకపోతే మనం సీతాఫలాలు పెట్టి చెప్పమా? ఆయన చేసింది అదే పని. తర్వాత కాకతీయుల కాలంలో మన సోమన బసవపురాణాన్ని పదిమందీ పాడుకునే ద్విపదలో చెప్పాడు. పెద్ద సంగతిని ఇంటి భాషలోకి తేవాలన్న తపన లెక్కల్లో అంతకన్నా ముందే మొదలైందన్నమాట.

ఇంటి భాషలోకి తెచ్చాడు కదా అని లెక్కను పలచన చేయలేదు. ఆ పుస్తకాల్లో లెక్కలు గట్టివి. మహావీరుడికి దండల సంఖ్యలంటే ఇష్టం. గుణకారం చేస్తే జవాబు పూసలు గుచ్చిన దండలా రావాలి. 139ని 109తో గుణిస్తే 15151. ఎటు నుంచి చదివినా ఒకటే. 152207ని 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు. అన్నిటికంటే మా ఇంట్లో నచ్చింది ఇది:

12345679 × 9 = 111111111

మా అమ్మాయి చేత కాగితం మీద చేయించాను. తొమ్మిది తొమ్ములు 81, ఒకటి రాసి 8 చేతిలో. తొమ్మిదేడులు 63, చేతిలో 8 కలిపితే 71, ఒకటి రాసి 7 చేతిలో. తొమ్మిదారులు 54, 7 కలిపితే 61. నాలుగో అంకెకు వచ్చేసరికే "అమ్మా, మళ్లీ ఒకటే!" అని కేక పెట్టింది. మొత్తం అయ్యాక నేను ఒక్క ప్రశ్నే వేశాను. "ఇందులో 8 ఎందుకు లేదు బిడ్డా? మరిచిపోయిండంటావా?" దానికి ఆ సాయంత్రం అంతా పట్టింది. 9 పక్కన 8 పెట్టి చూసింది. తొమ్మిదెనిమిదులు 72, చేతిలో 8 కలిపితే 80. దండలో సున్న పడింది! పూస తెగిపోయింది. 8ని కావాలనే తీసేశారని అదే కనిపెట్టింది.

మీ పిల్లలు ఇంకా చిన్నవాళ్లయితే 37తో మొదలుపెట్టండి. 37ను 3తో గుణిస్తే 111, 6తో 222, 9తో 333. తర్వాతది ఏ అంకెతో గుణించాలో వాళ్లనే చెప్పనివ్వండి. కాస్త పెద్దవాళ్లకు "నీకిష్టమైన అంకెతో దండ కట్టు" అనొచ్చు. 5 ఇష్టమంటే 12345679ని 45తో గుణించాలి. 45 ఎందుకో మీరు చెప్పకండి, వాళ్లకే దొరుకుతుంది.

ఉగాది పచ్చడిలో ఎన్ని పచ్చళ్లు?

కొన్ని వస్తువుల్లోంచి ఇన్ని తీసుకుంటే ఎన్ని రకాలుగా కుదురుతాయి అన్న లెక్కకు అన్నిచోట్లా పనికొచ్చే సూత్రం చెప్పినవాడిగా మహావీరుడికి పేరుంది. దానికి ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి షడ్రుచులు. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. వీటిని ఒక్కొక్కటిగా, రెండేసి, మూడేసి కలుపుకుంటూ పోతే మొత్తం ఎన్ని రుచులు?

మనం ఏటా ఆరింటినీ కలిపి ఒకే పచ్చడి చేస్తాం. ఈ లెక్క మాత్రం పండగ పూట పిల్లల్ని గంటసేపు కూర్చోబెడుతుంది. ఆరు గిన్నెలు పెట్టండి. బెల్లం, చింతపండు, ఉప్పు, కారం, వేపపువ్వు, మామిడి ముక్క. నోట్లో పెట్టుకోనక్కర్లేదు, చీటీల మీద రాసుకుంటే చాలు. ఒక్కటే వేస్తే 6 రకాలు. రెండేసి కలిపితే 15. మూడేసి కలిపితే 20. నాలుగేసి 15, అయిదేసి 6, అన్నీ కలిపితే 1. మొత్తం 63.

ఇక్కడ పిల్లలు తప్పకుండా తప్పిపోతారు. బెల్లం-చింతపండు, చింతపండు-బెల్లం రెండుసార్లు రాస్తారు. తప్పని చెప్పకండి. "ఈ రెండు పచ్చళ్లకు రుచిలో తేడా ఉందా?" అని అడగండి చాలు. ఒక వరస ప్రకారం రాసుకుంటే తప్పిపోమని వాళ్లకే తోస్తుంది. రెండేసి 15 వచ్చినప్పుడు నాలుగేసి కూడా 15 ఎందుకొచ్చింది అని అడిగితే ఇంకా బాగుంటుంది. నాలుగు గిన్నెలు ఎంచుకోవడమంటే రెండు గిన్నెలు పక్కన పెట్టడమే కదా! ఆ మాట పిల్ల నోట వస్తే ఆ ఏడాది ఉగాది బాగా జరిగినట్టే.

వీధిబడిలో ఎక్కాలు

మరి ఇంత ముచ్చటైన లెక్క పిల్లలకు భయంగా ఎప్పుడు మారింది? ఒక్క కారణం చెప్పలేను గానీ, పాత బడుల గురించి చదివితే కొంత తెలుస్తుంది. మన వైపు నిజాం రాజ్యం. పక్కన మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్లారి కలెక్టరుగా ఉన్న ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో తన జిల్లా బడుల మీద ఒక నివేదిక రాశాడు. ఆ జిల్లాలో 533 బడులుంటే, వాటిలో 235 కన్నడం, 226 తెలుగు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. ఎక్కాలు కంఠస్థం చేసేవారు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే పద్ధతిని ఆయన మెచ్చుకున్నాడు. అర్థం తెలియకుండా పద్యాలు చిలకల్లా వల్లించడం మాత్రం ఆయనకు నచ్చలేదు.

ఆ నివేదికలో ఒక ముచ్చట ఉంది. పొద్దున బడికి అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండో వాడి చేతిలో సున్న. అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడో వాడికి ఒక దెబ్బ, నాలుగో వాడికి రెండు, ఆపైన వచ్చిన ప్రతివాడికీ ఒక్కొక్కటి ఎక్కువ. మా ఇంట్లో దీన్ని కూడా లెక్క చేసుకున్నాం. బడిలో 12 మంది ఉంటే చివర వచ్చినవాడికి ఎన్ని దెబ్బలు? పంతులు మొత్తం ఎన్నిసార్లు కొట్టాలి? 10 దెబ్బలు, మొత్తం 55. మా అమ్మాయి 1తో 10, 2తో 9, 3తో 8 జతలు కట్టి అయిదు పదకొండులు అన్నది. తర్వాత "పాపం పంతులు చెయ్యి నొచ్చదా?" అని నవ్వింది.

ఆ అరచేతుల్లో ఆడపిల్లల చేతులు మాత్రం చాలా అరుదు. వీధిబడి మగపిల్లలది. భాస్కరాచార్యుడు 1150లో రాసిన 'లీలావతి'లో కొన్ని లెక్కలు ఒక అమ్మాయిని పలకరిస్తూ అడిగినట్టు ఉంటాయి. ఆమె ఆయన కూతురనీ, పెళ్లి ముహూర్తం తప్పిపోతే ఊరడించడానికి ఆ పేరుతో పుస్తకం రాశాడనీ కథ ఉంది. ఆ కథ భాస్కరుడు చెప్పింది కాదు, 1587లో ఫైజీ చేసిన పారశీక అనువాదంలో వచ్చింది. పుస్తకంలో అమ్మాయిని లెక్క అడిగారు. బడిలో మాత్రం ఆమెకు చోటివ్వలేదు.

మా అత్తమ్మ లెక్క

బడికి పోని ఆడవాళ్లకు లెక్క రాదనుకుంటే పొరపాటే. మా అత్తమ్మ బడి మొహం చూడలేదు. వడ్లు కొలిచేటప్పుడు ఆమె మొదటి కుంచాన్ని ఒకటి అనదు. "ఒకటి అనొద్దు బిడ్డా, లాభం అనాలె" అని మనవరాలికి చెప్పింది. లాభం, రెండు, మూడు, నాలుగు. మన ఊళ్లలో గింజ కొలిచిన ప్రతి కల్లంలోనూ వినబడిన మాట ఇది.

ఆమె చెప్పిన కొలతల వరస రాసుకున్నాను. ఊరిని బట్టి కొలపాత్రల్లో తేడాలుండేవి గానీ వరస మాత్రం ఇదే. రెండు గిద్దెలు అరసోల. రెండు అరసోలలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. రెండు కుంచాలు ఇరస. రెండు ఇరసలు తూము. ఇరవై తూములు పుట్టి. గిద్దె నుంచి తూము దాకా తొమ్మిది పేర్లు, ప్రతిదీ ముందుదానికి రెట్టింపు. తూముకు 256 గిద్దెలు.

ఇప్పుడు పావులూరి మల్లన దగ్గరికి మళ్లీ వెళ్దాం. చదరంగం గళ్ల లెక్కను ఆయన పద్యంలో పెట్టాడని ప్రసిద్ధి. మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇట్లా 64 గళ్లలో రెట్టిస్తూ పోతే మొత్తం ఎంత? 18446744073709551615. ఇరవై అంకెలు! అంకెలను మాటల్లో దాచి పద్యంలో చెప్పాడు. చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, బాణాలంటే అయిదు, ఆకాశమంటే సున్న. వాటిని చివరి నుంచి మొదటికి చదువుకోవాలి. సుమారు అదే కాలంలో అల్ బీరూనీ కూడా ఈ లెక్క కట్టి ఇదే జవాబు రాశాడు.

మా అత్తమ్మ కొలతలు ఆ చదరంగం మొదటి తొమ్మిది గళ్లే. గిద్దె మొదటి గడి, తూము తొమ్మిదో గడి. పాత కొలపాత్రలు లేకపోతే టీ గ్లాసుతో మొదలుపెట్టండి. ఒక గ్లాసు బియ్యం, రెండు, నాలుగు, ఎనిమిది. "ఇంట్లో ఉన్న బియ్యం ఏ గడి దాకా వస్తయి?" అని ముందు అడిగి, తర్వాత కొలవండి. అయిదారేళ్ల పిల్లలు కూడా ఆడతారు. నాలుగు గళ్లు నింపితే ఎంతైంది? 15. అయిదో గడిలో పోయాల్సింది 16. అప్పటిదాకా పోసినదంతా కలిపినా కొత్త గడికి ఎప్పుడూ ఒకటి తక్కువే. ఉగాది పచ్చళ్లు 63 ఎందుకయ్యాయో, 64 ఎందుకు కాలేదో పెద్దపిల్లలకు ఇక్కడ పట్టుబడుతుంది. ఒక్కో రుచికీ వేయడమా, మానడమా అని రెండే దారులు. ఆరుసార్లు రెట్టిస్తే 64. ఏమీ వేయని ఖాళీ గిన్నె ఒకటి తీసేస్తే 63.

ముగ్గుల్లోనూ ఇంతే. నడుమ వరసలో 7 చుక్కలు పెట్టి, పైకీ కిందికీ 5, 3, 1 చొప్పున తగ్గిస్తే మొత్తం 25. నడుమ 5 అయితే 13. నడుమ 9 అయితే 41. 25 అంటే 16, 9. 13 అంటే 9, 4. 41 అంటే 25, 16. ఒకటి నుంచి బేసి సంఖ్యలు కలుపుతూ పోతే 1, 4, 9, 16 వస్తాయన్న సంగతి మన వాకిళ్లలో రోజూ తెల్లారేసరికి ఉంటుంది. నడుమ 11 పెడితే ఎన్ని చుక్కలో మీ అమ్మాయిని చెప్పమనండి. తర్వాత చుక్కలు పెట్టి సరిచూసుకోమనండి.

నాగు లెక్క

లెక్క అంటే ఆట ఒక్కటే కాదని మా అత్తమ్మ దగ్గరే తెలిసింది. ఆమె చిన్నతనంలో తిండిగింజలు అయిపోతే దొరల దగ్గరో షావుకార్ల దగ్గరో వడ్లు అప్పు తెచ్చుకునేవారు. దాన్ని నాగు అనేవారు. ఆమె చెప్పిన నాగులో పంట రాగానే ఒకటికి ఒకటిన్నర కొలవాలి. పంట పోతే ఆ ఒకటిన్నరే కొత్త అసలు.

ఆమె మనవరాలిని అడిగింది. "ఎనిమిది తూములు తెచ్చినం. మూడు పంటలు కట్టలేకపోయినం. ఎన్ని కొలవాలె?" మా అమ్మాయి ఏడాదికి నాలుగు చొప్పున కలిపి ఇరవై అన్నది. "గట్ల కాదు బిడ్డా" అని అత్తమ్మ వేళ్లు మడిచింది. మొదటి పంటకు 12. రెండో పంటకు 18. మూడో పంటకు 27. ఎనిమిదికి ఇరవై ఏడు! పిల్ల కాసేపు ఏమీ అనలేదు. "లెక్క రానోళ్లు ఎట్ల బతికిండ్రు?" అని మెల్లగా అడిగింది. "వాళ్లు ఎంతంటే అంత ఇచ్చిండ్రు" అన్నది అత్తమ్మ.

ఈ పాలకుర్తిలోనే చాకలి ఐలమ్మ ఉండేది. ఆమె కౌలుకు చేసిన పొలంలో పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవాలని చూస్తే, సంఘం వాళ్లు అండగా నిలిచి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. 1940లలో ఈ నేల మీద జరిగిన పెద్ద పోరాటం గింజ ఎవరి ఇంటికి చేరాలన్నదాని చుట్టూ తిరిగింది. ఎన్ని తూములు పండాయి, ఎన్ని పోయాయి, ఎన్ని మిగిలాయి అన్నది తెలుసుకోవడం ఆడవాళ్లకు ఇల్లు నిలబెట్టుకునే సంగతి. ఇవాళ బంగారం మీద అప్పు, గ్రూపు లోను, చిట్టీ, నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ. పేర్లు మారాయి, నాగు లెక్క మారలేదు. మన ఆడపిల్లలకు లెక్క రావాలని నేను పట్టుబట్టేది మార్కుల కోసం కాదు.

ఇప్పుడు మన చేతిలో ఉన్నది

1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి నూరు నయాపైసలు వచ్చాయి. ఆ తర్వాత కొన్నేళ్లలో కిలోలు, లీటర్లు వచ్చి కుంచాలు, తూములు అటకెక్కాయి. అంతకుముందు రూపాయికి 16 అణాలు. సగం చేస్తే 8, దాంట్లో సగం పావలా, దాంట్లో సగం బేడ, దాంట్లో సగం అణా. పదుల లెక్క కాగితం మీద సులువు, అది రావడం మంచిదే. సగాలు, రెట్టింపులు చేత్తో పట్టి చూసే అలవాటు మాత్రం ఇళ్లలోంచి పోయింది. పిల్లలకు ఇప్పుడు భిన్నాలు పుస్తకంలో గీసిన బొమ్మల్లోనే కనిపిస్తాయి.

దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. నేను మూడు సంగతులు పాటిస్తున్నాను. లెక్క చేసేముందు ఎంత వస్తుందో అంచనా చెప్పించడం మొదటిది. జవాబు నేను చెప్పకపోవడం రెండోది. ఒక రోజు పట్టినా, రెండు రోజులు పట్టినా సరే. వాళ్లకు వచ్చిన దానికంటే ఒక మెట్టు పైన ప్రశ్న అడగడం మూడోది. సులువైన లెక్క పది సార్లు చేయిస్తే పిల్లలు విసిగిపోతారు, కాస్త గట్టిది ఒక్కటి ఇస్తే కొంగు పట్టుకుని వెంట తిరుగుతారు. మల్లన కూడా తన పాఠకులను తక్కువ చేయలేదు కదా, ఇరవై అంకెల సంఖ్యను పద్యంలో పెట్టి విప్పుకోమన్నాడు.

అన్నట్టు, ఉగాది లెక్కలో ఒక చిక్కుముడి మీకు వదిలేస్తున్నాను. ఆ 63 పచ్చళ్లలో వేపపువ్వు తప్పకుండా ఉండేవి ఎన్ని, అసలు లేనివి ఎన్ని? రెండూ సమానం కావు. ఎందుకో మీ అమ్మాయిని అడగండి. జవాబు మాత్రం మీరు చెప్పకండి.